ఆ మనిషిని తీసేస్తే ఏం మిగులుతుంది? బేస్ గిటార్ వాద్యకారుల్లో అత్యంత ప్రభావశీలి ఎవరు?

మంద్రస్థాయి (చర్చ ప్రారంభం):

పాశ్చాత్య పాటల్లో బేస్ గిటార్ (మంద్రస్వరాలు పలికే, లావు తీగల గిటార్) వాయించినవారిలో మేటి ఎవరన్న ప్రశ్న ఇక్కడ ఇదివరకు వచ్చింది గానీ, వచ్చిన ప్రతిసారీ అది అభిమాన సంఘాల గొడవగా మారి, ఎటూ తేలకుండానే ఆగిపోయింది. అందుకని ఈసారి ఒక షరతు పెడుతున్నాను. చేతివేగం సంగతి కాసేపు పక్కన పెడదాం. ఫలానా వాద్యకారుడు అసలు పుట్టకపోయి ఉంటే, ఆయన తరువాత బేస్ పట్టినవారి వాయింపు ఎంత మారిపోయేదో ఊహించి చూద్దాం. ఆ తేడా ఎవరి విషయంలో ఎక్కువగా కనిపిస్తే వారినే ప్రభావశీలి అందాం. మాటవరసకు దీనికి తీసివేత లెక్క అని పేరు పెట్టుకుందాం.

నా ఓటు జేమ్స్ జేమర్సన్‌కు. ఆయన 1936లో దక్షిణ కరోలినాలో పుట్టి, 1954లో డెట్రాయిట్ చేరి, 1960ల దశకంలో మోటౌన్ సంస్థ వెలువరించిన పాటల్లో అధిక భాగానికి బేస్ వాయించారు. లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను బజారులోకి తెచ్చింది 1951లో కాబట్టి, ఆనాటికి ఆ వాద్యం వయసు పదేళ్లకు అటూ ఇటూగా మాత్రమే ఉంది. కార్డు (chord, అంటే కలిపి పలికించే స్వరాల గుంపు) మారినప్పుడల్లా దాని మూలస్వరాన్ని పలికించి డ్రమ్ముతో కలిసి నడవడమే బేస్ పని అని అప్పట్లో అందరూ అనుకునేవారు. జేమర్సన్ మాత్రం మూలస్వరం నుంచి బయలుదేరి, దారిలో పక్క స్వరాలను తాకుతూ, తాళం మీద పడాల్సిన స్వరాన్ని ఒక్కోసారి అరక్షణం ముందే వేసి, మళ్లీ సమయానికి ఇంటికి చేరతారు. స్టీవీ వండర్ పాడగా 1968లో వచ్చిన "ఫర్ వన్స్ ఇన్ మై లైఫ్"ను హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గాయకుడిని పట్టించుకోకుండా కింది గీతను, అంటే బేస్ పలికే స్వరాల నడకను, మాత్రమే వినండి. ఒక వరుస వాయించిన తీరులో మరో వరుస ఉండదు, అయినా గాయకుడి దారికి ఎక్కడా అడ్డు రాదు.

ఇదంతా ఆయన కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే వాయించారు. ఆ వేలికి తోటివారు పెట్టిన పేరు "హుక్", అంటే కొక్కెం.

గోదారి బీటిల్:

మంద్రస్థాయి గారి లెక్క బాగుంది గానీ, ఆ లెక్కతోనే నేను బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్‌నీ పేరు ముందుకు తెస్తాను. ఒకరి ప్రభావం మరొకరికి అందాలంటే ముందు ఆ మనిషి ఎవరో అవతలివారికి తెలియాలి కదా. మోటౌన్ తన పాటల అట్టల మీద వాద్యకారుల పేర్లు వేయడం మొదలుపెట్టింది 1971లో. అంటే జేమర్సన్ ఉచ్ఛదశలో ఉన్న కాలమంతా, లండన్‌లోనో సిడ్నీలోనో గిటార్ నేర్చుకుంటున్న కుర్రవాడికి ఆయన పేరు తెలిసే దారి లేదు. మెకార్ట్‌నీని మాత్రం ప్రపంచమంతా టీవీలో చూసింది. ముందువరుసలో నిలబడి, పాడుతూ, పాటకు ఎదురు నడిచే మరో రాగాన్ని వేళ్లతో పలికించడం సాధ్యమేనని లక్షలమంది కళ్లారా చూసిన మొదటి మనిషి ఆయన.

ఆయన బేస్‌కు కోరి రాలేదు. 1961లో స్టువర్ట్ సట్‌క్లిఫ్ బృందాన్ని వదిలి వెళ్లాక ఎవరో ఒకరు ఆ పని చేయాల్సి వచ్చి, ఈయన మెడకు పడింది. హాంబర్గ్‌లో హాఫ్నర్ బేస్ కొనడానికి కారణం కూడా సరదాగా ఉంటుంది: అది వయొలిన్ ఆకారంలో రెండు పక్కలా సమానంగా ఉంటుంది కాబట్టి, ఎడమచేతివాటం మనిషి తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనిపించదు, పైగా చవక. అక్కడి నుంచి 1966లో "రెయిన్" వరకూ, 1969లో "సమ్‌థింగ్" వరకూ ఆ మనిషి ఎదిగిన తీరు చూడండి. "సార్జెంట్ పెప్పర్" ఆల్బమ్ నాటికి ఆయన చాలా పాటల్లో మిగతా వాద్యాలన్నీ అయ్యాక, చివరిగా, ఒంటరిగా కూర్చుని తన గీతను చేర్చేవారు. ఇల్లంతా కట్టాక పునాది వేసినట్టన్నమాట!

మంద్రస్థాయి:

గోదారి బీటిల్ గారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. అయితే తన మీద జేమర్సన్ ప్రభావం ఉందని మెకార్ట్‌నీ స్వయంగా చెప్పుకున్నారు. మీరు గుర్తు చేసిన ఎదుగుదలంతా మోటౌన్ పాటలు ఇంగ్లండు రేడియోలో మోగిన తరువాతిదే. కాబట్టి జేమర్సన్‌ను తీసేస్తే 1966 తరువాతి మెకార్ట్‌నీలో కూడా కొంత తరుగు పడుతుంది. మెకార్ట్‌నీని తీసేస్తే జేమర్సన్‌లో తరిగేదేమీ ఉండదు. ఎవరో తెలియని మనిషి నుంచి కూడా నేర్చుకోవచ్చు. ఏకలవ్యుడికి కనీసం గురువు పేరైనా తెలుసు, వీళ్లకు అదీ లేదు.

నోవై నుంచి:

నేను డెట్రాయిట్ శివారులో పదకొండేళ్లుగా ఉంటున్నాను. మా తెలుగువాళ్లు ఊరికి చుట్టాలు రాగానే నయాగరాకు తీసుకువెళతారు గానీ, అరగంట దూరంలో వెస్ట్ గ్రాండ్ బులవార్డ్ మీద ఉన్న మోటౌన్ మ్యూజియానికి తీసుకువెళ్లరు. నేను మాత్రం మా బావమరిదిని వెంటబెట్టుకుని రెండుసార్లు వెళ్లాను.

బయటి నుంచి చూస్తే అది మామూలు ఇల్లు, ముందు భాగంలో "హిట్స్‌విల్ యు.ఎస్.ఎ." అని రాసి ఉంటుంది. స్టూడియో "ఎ" అన్నది కొన్ని మెట్లు దిగి వెళ్లే గది. పాముల్లా అల్లుకుని ఉండే కరెంటు తీగల వల్ల దానికి "స్నేక్‌పిట్" అన్న పేరు వచ్చింది. అంత చిన్న గదిలో డ్రమ్ములు, పియానో, ముగ్గురు గిటారిస్టులు, బేస్, తప్పెట వాయించేవారు, అందరూ ఇరుక్కుని కూర్చునేవారంటే నమ్మబుద్ధి కాలేదు. కంట్రోల్ గదిలో మిక్సింగ్ బల్ల దగ్గర నేల అరిగిపోయి ఉంది. అక్కడ నిలబడి కాలితో తాళం వేసిన వారి వల్ల అలా అరిగిందని గైడు చెప్పినప్పుడు మా బావమరిది తన బూటుకాలు అక్కడ పెట్టి చూసుకున్నాడు.

ఇక చర్చకు సంబంధించిన మాట ఒకటి. మోటౌన్‌లో జేమర్సన్ బేస్‌ను ఆంప్లిఫయర్ ముందు మైకు పెట్టి కాకుండా, నేరుగా మిక్సింగ్ బల్లకు కలిపి రికార్డు చేసేవారు. ఆయన వాడినవి లావుపాటి ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు నున్నగా ఉండే) తీగలు. తెగితే తప్ప మార్చేవారు కారు. బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) మూత కింద స్పాంజి ముక్క ఉండేది. అందువల్ల స్వరం గంటలా మోగుతూ సాగకుండా, మద్దెల మీద దెబ్బలా పడి ఆగేది. అన్నేసి స్వరాలు వాయించినా పాట గజిబిజి కాకపోవడానికి ఆయన చేతితో పాటు ఈ ఏర్పాటు కూడా కారణమని నా అభిప్రాయం.

వీణమెట్లు:

చర్చ 1960ల దగ్గరే తిరుగుతోంది కాబట్టి నేను జాకో పాస్టోరియస్ పేరు తీసుకువస్తున్నాను. నేను పన్నెండేళ్లు వీణ నేర్చుకున్నాను. వీణకు మెట్లు ఉన్నా, తీగను పక్కకు లాగి గమకం పుట్టిస్తాం. గిటార్ చేతికి వచ్చాక మొదట నన్ను వేధించిన ప్రశ్న, ఈ వాద్యంలో స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న చోటు ఎటు పోయిందన్నదే. జాకో 1976లో తన పేరుతోనే వెలువరించిన తొలి ఆల్బమ్ విన్నప్పుడు నాకు జవాబు దొరికింది.

ఆయన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్‌కు మెట్లు తీసేసి, పడవలకు పూసే ఎపాక్సీ అనే గట్టి జిగురుపూతను ఆ చెక్కకు పట్టించారు. గరుకైన రౌండ్‌వౌండ్ తీగలు చెక్కను తినేయకుండా ఉండడానికి ఆ పూత అవసరమైంది. దానివల్ల ధ్వనికి కొత్త మెరుపు కూడా వచ్చింది. ఆ ఆల్బమ్‌లోని "పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ"లో తీగను అదిమి పట్టకుండా, వేలి కొసతో తాకి వదిలితే వచ్చే హార్మోనిక్స్‌తోనే దాదాపు మొత్తం రచన నడుస్తుంది. ఒక్క బేస్ గిటార్ ఒంటరిగా కచేరీ చేయగలదని ఆనాడు ఎంతమంది అనుకుని ఉంటారు? మరుసటి ఏడాది వెదర్ రిపోర్ట్ బృందం "హెవీ వెదర్" వచ్చాక మెట్లు లేని బేస్ కోసం కొట్ల ముందు నిలబడని కుర్రవాడు లేడంటే అతిశయోక్తే అవుతుంది గానీ, పూర్తిగా అబద్ధం కాదు.

మంద్రస్థాయి:

జాకో మీద నాకున్న గౌరవం తక్కువేమీ కాదు. కానీ మెట్లు లేని బేస్‌ను ఆంపెగ్ సంస్థ 1966లోనే అమ్మింది. అంతకుముందే రోలింగ్ స్టోన్స్ బృందపు బిల్ వైమన్ తన బేస్‌కు తానే మెట్లు పీకేసుకున్నారు. కాబట్టి తీసివేత లెక్కలో జాకోను తీసేసినా వాద్యం మిగులుతుంది.

వీణమెట్లు:

వాద్యం మిగులుతుంది, దాని గొంతు మిగలదు. మెట్లు పీకినవాళ్లు చాలామంది ఉండవచ్చు. పీకిన చోట పాడించినవాడు ఆయనే. పైగా ఆయనకు 1987లో ముప్పై అయిదేళ్ల వయసులో, ఫ్లోరిడాలో ఒక క్లబ్బు బయట తగిలిన దెబ్బలతో ఆయుష్షు తీరిపోయింది. తొలి ఆల్బమ్ నుంచి లెక్కపెడితే పదకొండేళ్లు. అంత తక్కువ కాలంలో ఇంతటి ముద్ర వేసినవారిని మరొకరిని చూపించండి.

ఒంటిదరువు:

ఇంతవరకు మాట్లాడినవారంతా ఎక్కువ స్వరాలు వాయించినవారి గురించే మాట్లాడారు. నేను ఖాళీ గురించి మాట్లాడతాను. జమైకాలో బాబ్ మార్లే వెనుక బేస్ వాయించిన ఆస్టన్ బారెట్‌ను "ఫ్యామిలీ మ్యాన్" అనేవారు. ఆయన తమ్ముడు కార్ల్‌టన్ డ్రమ్ములు వాయించేవారు. అన్నదమ్ముల వాయింపులో "వన్ డ్రాప్" అనే నడక ఉంది. నాలుగు అక్షరాల ఆవర్తంలో మొదటి అక్షరం మీద పెద్ద డ్రమ్ము మోగదు, ఆ చోటు ఖాళీగా వదిలేస్తారు. మనకు సమం మీద బరువు వేయడం అలవాటు కాబట్టి, మొదటిసారి వింటే కాలు తడబడుతుంది. అదే కాలంలో అమెరికాలో జేమ్స్ బ్రౌన్ తన బృందానికి మొదటి దెబ్బ మీదే బరువంతా వేయమని పట్టుబట్టేవారు. ఆయన దగ్గర బేస్ వాయించిన బూట్సీ కాలిన్స్ 1970లో అక్కడ నేర్చుకున్న పాఠం అదే. ఒకే దశకంలో, సముద్రానికి ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు, ఒకే అక్షరాన్ని ఒకరు నింపి, ఒకరు ఖాళీ చేసి, రెండు సంగీతాలు నిలబెట్టారు.

జమైకా వారి ఆ సంగీతాన్ని రెగే అంటారు, రెగేలో పాటను మోసే రాగం చాలాసార్లు బేస్‌దే, గిటార్ పక్కన దరువు మాత్రం వేస్తుంది. రెగేలో మరో పేరున్న బేస్ వాద్యకారుడు రాబీ షేక్స్‌పియర్‌కు బేస్ నేర్పినది బారెట్టే. తనకు రావాల్సిన రాయల్టీల కోసం బారెట్ లండన్ హైకోర్టుకు వెళ్లి 2006లో ఓడిపోయారు. 2024 ఫిబ్రవరిలో కన్నుమూశారు. మంద్రస్థాయి గారి లెక్క ప్రకారం చూసినా, ఈ మనిషిని తీసేస్తే ఒక దేశపు సంగీతానికి నడుము పోతుంది. జేమర్సన్‌ను తీసేస్తే పోయేది ఒక వీధి సంగీతమే కదా!

మంద్రస్థాయి:

ఆ "ఒక వీధి" ప్రపంచమంతా మోగిందండీ. అయినా మీ మాట నన్ను కొంచెం కదిలించింది. ఖాళీ సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.

బొటనవేలు:

రాగం, ఖాళీ అయ్యాయి కాబట్టి ఇప్పుడు చేతి సంగతి చెబుతాను. లారీ గ్రాహమ్ కుర్రతనంలో తల్లితో కలిసి క్లబ్బుల్లో వాయించేవారు. ఆయన వాయించే ఆర్గన్‌లో కాళ్లతో బేస్ స్వరాలు పలికించే పెడల్స్ చెడిపోతే, బాగయ్యేదాకా అని ఒక బేస్‌ను అద్దెకు తెచ్చుకున్నారు. ఆర్గన్ బాగు కాలేదు, బేస్ చేతిలోనే ఉండిపోయింది. తరువాత తల్లి, ఇక డ్రమ్మరు లేకుండా ఇద్దరమే వాయిద్దామని నిర్ణయించారు. లేని పెద్ద డ్రమ్ము కోసం కొడుకు బొటనవేలితో లావు తీగను కొట్టడం, లేని స్నేర్ (చిన్న డ్రమ్ము) కోసం సన్న తీగను చూపుడువేలితో లాగి వదలడం మొదలుపెట్టారు. మనం ఇప్పుడు "స్లాప్" అని పిలిచే పద్ధతి అక్కడి నుంచి వచ్చింది. స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ బృందం ద్వారా అది ప్రపంచానికి తెలిసింది. మార్కస్ మిల్లర్, ఫ్లీ, విక్టర్ వూటెన్, వీరందరి కుడిచేతుల్లో డ్రమ్మరు లేక ఆ తల్లీకొడుకులు చేసుకున్న సర్దుబాటు ఉంది.

షీక్ అనే డిస్కో బృందపు బెర్నార్డ్ ఎడ్వర్డ్స్‌ను ఎవరూ తలవకపోవడం కూడా అన్యాయమే. 1979 నాటి "గుడ్ టైమ్స్"లో ఆయన ఒకే స్వరాన్ని మూడుసార్లు కొట్టి, కాస్త ఆగి, తరువాత పై స్వరాలకు ఎక్కుతారు. ఆ గీత మీదనే అదే ఏడాది "రాపర్స్ డిలైట్" వచ్చింది. 1980లో క్వీన్ బృందపు జాన్ డీకన్ రాసిన "అనదర్ వన్ బైట్స్ ద డస్ట్" మొదట్లో ఆ మూడు దెబ్బల పోలిక పసిపిల్లవాడు కూడా పట్టగలడు. ఒకే గీత రెండేళ్లలో డిస్కో నుంచి హిప్‌హాప్‌కూ రాక్‌కూ పాకిందంటే, ప్రభావం అన్న మాటకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

గోదారి బీటిల్:

అభిమానుల ఓటుకు కూడా విలువ ఇవ్వాలి కదా. రోలింగ్ స్టోన్ పత్రిక 2011లో పాఠకులను అడిగితే వారు మొదటి స్థానం ద హూ బృందపు జాన్ ఎంట్‌విసిల్‌కు ఇచ్చారు. "మై జనరేషన్"లో 1965లోనే బేస్‌తో సోలో వాయించిన ఘనత ఆయనది.

మంద్రస్థాయి:

అదే పత్రిక 2020లో తన సొంత జాబితా వేసినప్పుడు మొదటి పేరు జేమర్సన్‌ది. వినేవారు ఎదురుగా కనిపించినవారికి ఓటు వేశారు.

సన్నజాజి:

నేను చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఇన్ని పేర్లలో ఒక్క ఆడమనిషి పేరు లేదు. లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో వేలాది పాటలకు వాయించిన కారల్ కే మీకెవరికీ గుర్తు రాలేదా? ఆమె మొదట గిటారిస్టు. 1963లో ఒక రికార్డింగ్‌కు రావాల్సిన బేస్ మనిషి రాకపోతే ఆ కుర్చీలో కూర్చున్నారు, ఇక లేవలేదు. పిల్లల తల్లిగా ఇల్లు నడుపుకుంటూ, పొద్దున ఒక స్టూడియో, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటిగా పని చేశారు. బీచ్ బాయ్స్ "పెట్ సౌండ్స్"లో ఆమె వేళ్లతో కాక పిక్‌తో (తీగ మీటే చిన్న బిళ్లతో) వాయించిన గీతలు వినండి. గ్లెన్ క్యాంప్‌బెల్ పాడిన "విచిటా లైన్‌మన్" (1968) మొదట్లో కిందికి దిగివచ్చే ఆ స్వరాలు ఆమె కల్పన. అదే పాటలో మధ్యన వచ్చే సోలో కోసం క్యాంప్‌బెల్ అడిగి తీసుకున్న ఆరు తీగల బేస్ కూడా ఆమెదే.

మంద్రస్థాయి:

సన్నజాజి గారూ, తప్పు నాదే. అయితే మోటౌన్ పాటల్లో కొన్నింటిని తానే వాయించానని ఆమె చెప్పడం, డెట్రాయిట్‌లో పనిచేసినవారు అది ఒప్పుకోకపోవడం కూడా అందరికీ తెలిసిందే.

సన్నజాజి:

తెలుసు. "బెర్నడెట్" అన్న మోటౌన్ పాట విషయంలో నేను కూడా డెట్రాయిట్ వారి మాటే నమ్ముతాను. ఆ గీతలో ఉన్నది పిక్ కాదు, కొక్కెం. కానీ ఆ తగాదా ఎందుకు పుట్టిందో ఒక్కసారి ఆలోచించండి. ఎవరు వాయించారో అట్ట మీద వేసి ఉంటే, ఇన్నేళ్ల తరువాత ఇద్దరు గొప్ప వాద్యకారుల మధ్య ఈ పేచీ వచ్చేదే కాదు. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను ఎంపిక చేస్తే, తొంభై ఏళ్ల మనిషి, నేను రానని చెప్పేశారు. నాకు అది చాలా నచ్చింది.

బెజవాడ ఆర్కెస్ట్రా:

అమ్మాయి సన్నజాజి చెప్పిన అట్ట సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను 1980లలో కృష్ణా, గుంటూరు జిల్లాల పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు బేస్ వాయించేవాణ్ణి. ఒకసారి ఒక భక్తిగీతాల క్యాసెట్‌కు రెండు రోజులు రాత్రింబవళ్లు వాయించాం. క్యాసెట్ వచ్చాక అట్ట తిప్పి చూస్తే గాయకుడి పేరు, రచయిత పేరు, చివరికి బొమ్మ తీసిన ఫోటోగ్రాఫరు పేరు కూడా ఉన్నాయి. వాయించిన ఏడుగురి పేర్లు లేవు. మా ఆవిడ మాత్రం నమ్మలేదు, నేను రెండు రోజులు ఎటో తిరిగి వచ్చానని ఇప్పటికీ అంటుంది.

మన తరం వాళ్లకు బేస్ అనేది ఒకటుందని తెలిపింది ఇళయరాజా గారు. అంతకుముందు ట్రాన్సిస్టర్‌లో వివిధభారతి వింటే బేస్ వినపడేది కాదు. బేస్ కింది తీగ వదిలి మీటితే సెకనుకు 41 కంపనాలు, అరచేయంత స్పీకరు దాన్ని పలికించలేదు. దానితో పాటు పుట్టే పై స్థాయి స్వరాలు (ఓవర్‌టోన్లు) కొన్ని వినపడితే మిగతాది చెవి ఊహించుకోవాల్సిందే. టూ-ఇన్-వన్‌లు, పెద్ద స్పీకర్లు ఇళ్లలోకి వచ్చిన కాలానికే 1989లో "గీతాంజలి" పాటలు వచ్చాయి. ఆ పాటల్లో పల్లవి ఒక దారిన పోతుంటే కింద బేస్ మరో దారిన నడుస్తుంది. ఇళయరాజా గారి దగ్గర ఏళ్ల తరబడి బేస్ వాయించిన శశిధరన్ గారి పేరు పాట పాడుకునే వందమందిలో ఒక్కరికి తెలిస్తే గొప్ప. రెహమాన్ గారి పాటల్లో కీత్ పీటర్స్ గారి సంగతీ అంతే. మీ జేమర్సన్ గారి కథ నాకు డెట్రాయిట్ వెళ్లకుండానే అర్థమైంది.

నోవై నుంచి:

మాస్టారూ, మీరు చెప్పినదానికి జోడింపుగా ఒకటి. 1971లో మార్విన్ గే "వాట్స్ గోయింగ్ ఆన్" అట్ట మీద మొదటిసారి వాద్యకారుల పేర్లు వేసినప్పుడు జేమర్సన్ పేరు ముందు "సాటిలేని" అన్న విశేషణం కూడా వేశారు. ఆ టైటిల్ పాటను ఆయన కూర్చోలేని స్థితిలో నేల మీద వెల్లకిలా పడుకుని వాయించారని చెబుతారు. మరుసటి ఏడాదే సంస్థ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. 1983లో మోటౌన్ ఇరవై అయిదేళ్ల పండుగ టీవీ కోసం జరిగినప్పుడు, ఆయన టికెట్టు కొనుక్కుని బాల్కనీలో కూర్చున్నారు. ఆ ఆగస్టులోనే పోయారు, నలభై ఏడేళ్ల వయసు. అంతకు కొద్ది రోజుల ముందు ఆయన 1962 నాటి బేస్‌ను ఎవరో ఎత్తుకుపోయారు.

మంద్రస్థాయి:

బెజవాడ మాస్టారికి నమస్కారం. చర్చ మొదలుపెట్టిన మనిషిగా నా లెక్కలో ఒక దిద్దుబాటు చేసుకుంటున్నాను. తీసివేత లెక్కకు నేను అనుకున్న జవాబు ఒక్క పేరు. చదివిన కొద్దీ తెలిసింది ఏమంటే, రాగం విషయంలో తీసివేయలేనిది జేమర్సన్‌ను, ఖాళీ విషయంలో బారెట్‌ను, కుడిచేతి విషయంలో గ్రాహమ్‌ను. జాకో విషయంలో వీణమెట్లు గారితో నా పేచీ ఇంకా తీరలేదు, దానికి వేరే చర్చ పెడతాను. ఒక్కరినే చెప్పి తీరాలని ఎవరైనా నిలదీస్తే మాత్రం ఇప్పటికీ జేమర్సన్ పేరే చెబుతాను.

గోదారి బీటిల్:

నేనూ మెకార్ట్‌నీ పేరే చెబుతాను. 1972లో దొంగలు పట్టుకుపోయిన ఆయన హాఫ్నర్ తిరిగి ఇంటికి చేరిందని 2024లో చెప్పారు, చూశారా!

కొత్తతీగ:

పెద్దలందరికీ నమస్కారం. నేను ఆరు నెలల క్రితమే బేస్ కొన్నాను. ఫ్లాట్‌వౌండ్ తీగలు వేస్తే ఆ పాత మోటౌన్ ధ్వని వస్తుందా, లేక డబ్బు దండగేనా?

బెజవాడ ఆర్కెస్ట్రా:

నాయనా, ముందు బ్రిడ్జి దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క దోపి చూడు, గిన్నెలు తోమేది చాలు, కొత్తదై ఉండాలి. నెల రోజులు ఒక్క చూపుడువేలితోనే వాయించు. అప్పటికీ కావాలనిపిస్తే తీగలు కొందువుగాని.